కుళాయి నీరు తుప్పు రంగుకు ఎందుకు మారింది? విద్యుద్విశ్లేషణపై ఒక సందేహం

ప్రశ్న: రామమూర్తినగర్‌వాసి

పెద్దలందరికీ నమస్కారం. మేము బెంగళూరులో రామమూర్తినగర్ దగ్గర ఉంటున్నాము. మా అపార్టుమెంటుకు కావేరి నీరు కొంత, బోరు నీరు ఎక్కువగా వస్తుంది. గత వారం ఆర్‌ఓ యంత్రాలు అమ్మే ఒక ప్రతినిధి ఇంటికి వచ్చి, రెండు గాజు గ్లాసులు అడిగి తీసుకొని, ఒకదానిలో మా కుళాయి నీరు, మరొకదానిలో తాను సీసాలో తెచ్చుకున్న ఆర్‌ఓ నీరు పోశాడు. ప్లగ్గులో పెట్టే ఒక పరికరానికి ఉన్న లోహపు కడ్డీలను రెండు గ్లాసులలోనూ ముంచి స్విచ్ వేయగానే, కుళాయి నీటిలో బుడగలు లేచి, నీరు ముందు ఆకుపచ్చగా, ఆ తరువాత తుప్పు రంగుగా మారి మడ్డి తేలింది. ఆర్‌ఓ నీరు మాత్రం దాదాపు మారలేదు. మీరు రోజూ తాగుతున్న మలినం ఇదేనని ఆయన చెప్పాడు. మా అత్తగారు వెంటనే బిందెలోని నీళ్ళన్నీ పారబోయించారు.

మా అబ్బాయి పదవ తరగతి చదువుతున్నాడు. నీటిలో కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి కరెంటు పంపిస్తే ఒకవైపు హైడ్రోజన్, రెండోవైపు ఆక్సిజన్ వస్తాయని వాడి పుస్తకంలో ఉంది, దాన్నే విద్యుద్విశ్లేషణ అంటారట. ఇక్కడ జరిగింది కూడా విద్యుద్విశ్లేషణే అయితే ఈ మడ్డి ఎక్కడి నుంచి వచ్చిందని వాడు అడుగుతున్నాడు. పైగా ఆమ్లం ఎందుకు కలపాలి, కలిపిన ఆమ్లం చివరికి ఏమవుతుంది అన్న సందేహాలు కూడా వాడికి ఉన్నాయి. నేను కామర్స్ చదివినవాణ్ణి. వాడికి చెప్పగలిగేటట్లు ఎవరైనా మొదటి నుంచి వివరించగలరా?

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, కె.ఆర్. పురం

మీ అబ్బాయి సరైన చోటనే పట్టుకున్నాడండి. ఆ ప్రతినిధి చూపించినదీ విద్యుద్విశ్లేషణే, పుస్తకంలో ఉన్నదీ విద్యుద్విశ్లేషణే. అయితే ఆ మడ్డిలో అత్యధిక భాగం మీ బోరు నీటిలోనిది కాదు, నీటిలో ముంచిన ఇనుప కడ్డీ నుంచి వచ్చినది. ఎందుకో తెలియాలంటే కరెంటు నీటిలో ఎలా నడుస్తుందో ముందుగా చూడాలి.

తీగలో కదిలేవి ఎలక్ట్రాన్లు. చాలామంది విద్యార్థులు ఆ ఎలక్ట్రాన్లే ఒక కడ్డీ నుంచి నీటిలోకి దిగి, నీటి గుండా ప్రయాణించి, రెండో కడ్డీకి చేరుతాయని అనుకుంటారు. అలా జరగదు. ద్రావణంలో ఆవేశాన్ని మోసేవి అయాన్లు, అంటే ధనావేశమో ఋణావేశమో ఉన్న కణాలు. బ్యాటరీ చేసే పని ఆనోడు (ప్లస్ వైపు కడ్డీ) నుంచి ఎలక్ట్రాన్లను లాగి కాథోడు (మైనస్ వైపు కడ్డీ) లోకి నెట్టడం మాత్రమే. కాథోడు ఉపరితలం దగ్గర ఉన్న ఏదో ఒక పదార్థం ఆ ఎలక్ట్రాన్లను తీసుకోవాలి, దాన్ని క్షయకరణం అంటాము. అదే సమయంలో ఆనోడు దగ్గర మరో పదార్థం అన్నే ఎలక్ట్రాన్లను ఇవ్వాలి, అది ఆక్సీకరణం. ఈ రెండింటిలో ఏది ఆగినా రెండోది ఆగిపోతుంది. మధ్యలో ఉన్న ద్రావణంలో ధనాయాన్లు కాథోడు వైపు, ఋణాయాన్లు ఆనోడు వైపు కదులుతూ ఎక్కడా ఆవేశం పోగుపడకుండా చూస్తాయి. రసాయన మార్పు జరిగేది కడ్డీల ఉపరితలం మీదనే తప్ప నీటి మధ్యలో కాదు. బుడగలు కడ్డీలను అంటిపెట్టుకొని పుట్టడం మీరు చూసే ఉంటారు.

ఈ అయాన్లు కరెంటు వల్ల పుట్టినవి కావు. ఉప్పు నీటిలో కరిగినప్పుడే సోడియం అయాన్లుగా, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. మనం స్విచ్ వేసినా వేయకపోయినా అవి అక్కడ ఉంటాయి. ఈ మాటను మొదట గట్టిగా చెప్పినవాడు స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్. 1884లో ఆయన సమర్పించిన పరిశోధన వ్యాసానికి విశ్వవిద్యాలయం చాలా తక్కువ శ్రేణి ఇచ్చింది, 1903లో అదే సిద్ధాంతానికి నోబెల్ బహుమతి వచ్చింది. పరీక్షలో మార్కులు తగ్గాయని దిగులుపడే పిల్లలకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతుంటాను.

ఇప్పుడు ఆమ్లం సంగతి. స్వచ్ఛమైన నీటిలో అయాన్లు దాదాపు లేనట్లే. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో ఉండే హైడ్రోజన్ అయాన్లు ఒక మోలులో (కణాల సంఖ్యను లెక్కించే కొలతలో) కోటవ వంతు మాత్రమే. అందువల్ల కరెంటు నడవడం చాలా కష్టం. కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే హైడ్రోజన్ అయాన్లు, సల్ఫేట్ అయాన్లు సమృద్ధిగా చేరి దారి సులువవుతుంది. కాథోడు దగ్గర రెండు హైడ్రోజన్ అయాన్లు రెండు ఎలక్ట్రాన్లు తీసుకొని ఒక హైడ్రోజన్ అణువుగా మారతాయి. ఆనోడు దగ్గర రెండు నీటి అణువులు నాలుగు ఎలక్ట్రాన్లను వదులుకొని, ఒక ఆక్సిజన్ అణువును, నాలుగు హైడ్రోజన్ అయాన్లను ఇస్తాయి. కాథోడు దగ్గర ఖర్చయిన హైడ్రోజన్ అయాన్లు ఆనోడు దగ్గర తిరిగి అన్నే పుడుతున్నాయి కాబట్టి ఆమ్లం తరగదు. తరిగేది నీరు, చాలాసేపు నడిపితే మిగిలిన ద్రావణంలో ఆమ్లపు గాఢత పెరుగుతుంది కూడా. ఒక ఆక్సిజన్ అణువుకు నాలుగు ఎలక్ట్రాన్లు, ఒక హైడ్రోజన్ అణువుకు రెండు కావాలి కాబట్టి, ఒకే కరెంటుకు హైడ్రోజన్ ఘనపరిమాణం ఆక్సిజన్‌కు రెట్టింపు ఉంటుంది. పుస్తకంలో చెప్పిన రెండుకు ఒకటి నిష్పత్తి ఈ ఎలక్ట్రాన్ల లెక్కలోంచి వచ్చినదే.

మరి ఇనుము దగ్గర ఎందుకు తేడా వచ్చింది? ఆనోడు ఎలక్ట్రాన్లను అడిగినప్పుడు, అక్కడ ఉన్నవాటిలో అందరికంటే తేలికగా ఇవ్వగలిగినదే ముందుగా ఇస్తుంది. పుస్తకంలోని ప్రయోగంలో కడ్డీ ప్లాటినంతోనో గ్రాఫైటుతోనో చేసినది; అవి తమ ఎలక్ట్రాన్లను అంత సులువుగా వదలవు కాబట్టి నీరే ఇవ్వవలసి వస్తుంది. ఇనుము అలాంటిది కాదు. ఎలక్ట్రాన్లను ఇచ్చే తేలికను పోల్చే పట్టిక ఒకటి ఉంది, దాన్ని ప్రామాణిక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టిక అంటారు; విలువ ఎంత తక్కువైతే ఇవ్వడం అంత తేలిక. అందులో ఇనుము విలువ మైనస్ 0.44 వోల్టులు, నీటి నుంచి ఆక్సిజన్ వచ్చే చర్య విలువ ప్లస్ 1.23 వోల్టులు. అందువల్ల నీటి వంతు రాకముందే ఇనుప కడ్డీ కరిగి ఫెర్రస్ అయాన్లుగా నీటిలోకి దిగుతుంది. కాథోడు దగ్గర నీరు ఎలక్ట్రాన్లు తీసుకొని హైడ్రోజన్ బుడగలతోపాటు హైడ్రాక్సైడ్ అయాన్లను వదులుతుంది. ఈ రెండు రకాల అయాన్లు కలిసినచోట ఫెర్రస్ హైడ్రాక్సైడ్ ఆకుపచ్చని అవక్షేపంగా ఏర్పడుతుంది, గాలిలోని ఆక్సిజన్ తగిలి అది తుప్పు రంగు ఫెర్రిక్ హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. మీరు చూసిన రంగులు సరిగ్గా ఇదే వరుసలో వచ్చాయి.

ఎంత ఇనుము కరిగిందో అంచనా వేయవచ్చు. అర ఆంపియరు కరెంటు రెండు నిమిషాలు నడిచిందనుకుందాం. 60 కూలూంబుల (ఆవేశాన్ని కొలిచే ప్రమాణం) విద్యుత్తు ప్రవహించినట్లు. ఒక మోలు ఎలక్ట్రాన్ల ఆవేశం దాదాపు 96,485 కూలూంబులు, ఒక్కొక్క ఇనుప పరమాణువు రెండేసి ఎలక్ట్రాన్లు ఇస్తుంది, కాబట్టి సుమారు 17 మిల్లీగ్రాముల ఇనుము కరుగుతుంది. ఒక గ్లాసెడు నీటిని తుప్పు రంగుగా మార్చడానికి అది చాలా ఎక్కువ. ఈ లెక్క వేసే పద్ధతి 1830ల తొలి సంవత్సరాలలో మైకేల్ ఫారడే ఇచ్చినది, నేటికీ మార్పు లేకుండా అలాగే వాడుతున్నాము.

ఆర్‌ఓ నీటిలో కరిగిన లవణాలు చాలా తక్కువ కాబట్టి కరెంటు దాదాపు నడవలేదు, కరెంటు నడవలేదు కాబట్టి ఇనుము కరగలేదు. ఆ ప్రదర్శన తెలిపినదల్లా మీ బోరు నీటిలో లవణాలు ఎక్కువ ఉన్నాయన్న ఒక్క సంగతి మాత్రమే. అందులో ఉండే కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ అయాన్లకు రంగు లేదు. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో మొత్తం కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. మీ నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఆర్‌ఓ కావాలో వద్దో నిర్ణయించుకోండి, ఆ గ్లాసు రంగును చూసి మాత్రం కాదు. బిందెలోని నీళ్ళు పారబోయవలసిన అవసరం లేకపోయిందని మీ అత్తగారికి చెప్పగలిగితే చెప్పండి.

ఇంట్లో సరిచూసుకోవాలంటే ఆర్‌ఓ నీటిలోనే చిటికెడు ఉప్పు వేసి, రెండు ఇనుప మేకులను 9 వోల్టుల బ్యాటరీకి కలిపి ముంచండి. కొంతసేపటికి ఆ నీరు కూడా తుప్పు రంగుకు మారుతుంది. ఇంటి ప్లగ్గులోని 230 వోల్టుల కరెంటుతో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

జవాబు: పీణ్యా ప్లేటింగ్ షాపు నుంచి

అధ్యాపకులు చెప్పినది అక్షరాలా నిజం. నేను పీణ్యా పారిశ్రామిక వాడలో నికెల్, జింకు పూత వేసే షాపులో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ఆ ప్రతినిధి భయపెట్టడానికి వాడుకున్న కడ్డీ కరగడమనే పనినే మేము కావాలని చేయించుకుంటాము. నికెల్ పూతకు ద్రావణంలో నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ ఆమ్లం ఉంటాయి. పూత పడవలసిన వస్తువును (మేము జాబ్ అంటాము) ఒకే దిశలో కరెంటు ఇచ్చే రెక్టిఫయరు మైనస్ వైపుకు, నికెల్ ముక్కలు నింపిన టైటానియం బుట్టలను ప్లస్ వైపుకు కడతాము. జాబ్ మీద ఎంత నికెల్ దిగుతుందో దాదాపు అంత నికెల్ ఆనోడు నుంచి కరిగి ద్రావణంలోకి వస్తుంది, అందువల్ల ద్రావణం గాఢత పెద్దగా మారదు. కరిగేటప్పుడు రాలే నలుసులు జాబ్ మీద పడి గరుకు రాకుండా బుట్టలకు గుడ్డ సంచులు తొడుగుతాము. క్రోమియం పూతలో పద్ధతి వేరు. అక్కడ ఆనోడ్లు సీసంతో చేసినవి, అవి కరగవు, కాబట్టి తరిగిన క్రోమిక్ ఆమ్లాన్ని మేమే మళ్ళీ పోయాలి.

ఫారడే లెక్క మాకు రోజువారీ పని. ఒక ఆంపియరు కరెంటు గంటసేపు నడిస్తే సిద్ధాంతం ప్రకారం 1.095 గ్రాముల నికెల్ దిగుతుంది. చదరపు డెసిమీటరుకు 4 ఆంపియర్ల చొప్పున పెడితే 10 మైక్రాన్ల మందం రావడానికి సుమారు 12 నిమిషాలు పడుతుంది. నిజానికి దానికంటే కొద్దిగా ఎక్కువే పెడతాము, ఎందుకంటే కరెంటులో కొంత భాగం జాబ్ మీద హైడ్రోజన్ బుడగలు పుట్టించడానికి పోతుంది. క్రోమియంలో ఆ వృథా మరీ ఎక్కువ, పెట్టిన కరెంటులో ఐదో వంతు కూడా పూతకు పనికిరాదు. జింకు పూత వేసిన గట్టి ఉక్కు బోల్టులలోకి ఆ హైడ్రోజన్ చొరబడితే అవి బిగించిన తరువాత పుటుక్కున విరుగుతాయి. అందుకే పూత అయిన కొన్ని గంటల లోపలే వాటిని సుమారు 200 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి హైడ్రోజన్‌ను వదలగొట్టాలి. పుస్తకంలో మామూలు బుడగగా కనిపించే వాయువు పరిశ్రమలో ఇంత తలనొప్పి తెస్తుంది.

ఇంకొక సంగతి. ఇనుప ఆనోడు కరిగి వచ్చే ఆ తుప్పు మడ్డితోనే మురుగునీటిని శుభ్రం చేసే పద్ధతి ఒకటి ఉంది. ఇనుప లేదా అల్యూమినియం పలకలను వ్యర్థజలంలో ముంచి కరెంటు పంపితే, పుట్టిన హైడ్రాక్సైడ్ తుట్టెలు నీటిలోని రంగులను, భారలోహాలను, నూనె బిందువులను పట్టుకొని పేరుకుంటాయి. ఆ ప్రతినిధి గ్లాసులో కూడా కొంత మలినం ఆ మడ్డితోపాటు కిందికి దిగే ఉంటుంది. పరీక్ష పేరుతో శుద్ధి చేసి చూపించాడన్నమాట!

మళ్ళీ ప్రశ్న: రామమూర్తినగర్‌వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేకులతో చేసి చూశాము, ఉప్పు వేసిన ఆర్‌ఓ నీరు కూడా అచ్చం అలాగే మారింది. మా అత్తగారు కూడా చూశారు, ఏమీ అనలేదు. అయితే మేకులు తీసి, రెండువైపులా చెక్కిన పెన్సిల్ ములుకులతో అదే ఉప్పునీటిలో చేస్తే మడ్డి రాలేదు గాని, ఈత కొలనుల దగ్గర వచ్చే ఘాటు వాసన వచ్చింది. అది క్లోరిన్ అయితే మేకులతో చేసినప్పుడు ఎందుకు రాలేదు? ఉప్పులో సోడియం కూడా ఉంది కదా, అది కాథోడు మీద ఎందుకు పేరుకోదు? తరువాత ఉప్పు మాని వాషింగ్ సోడా వేసి, ములుకుల మీద చిన్న పరీక్షనాళికలు బోర్లించి వాయువులను పట్టితే, ఆక్సిజన్ వైపు సగం కంటే బాగా తక్కువగా ఉంది. మావాడు పుస్తకం తప్పంటున్నాడు.

జవాబు: వేళచ్చేరి పరిశోధక విద్యార్థిని

నేను చెన్నైలో విద్యుత్ రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. పై జవాబులు ఉన్న తరువాత నేను చెప్పవలసినది కొద్దిగానే మిగిలింది.

మేకులతో చేసినప్పుడు క్లోరైడ్ అయాన్లు నీటిలో ఉన్నాయి గాని, ఇనుము వాటికంటే చాలా సులువుగా ఎలక్ట్రాన్లు ఇస్తుంది కాబట్టి వాటికి అవకాశం రాలేదు. పెన్సిల్ ములుకులు, అంటే గ్రాఫైటు, పెట్టగానే పోటీ నీటికీ క్లోరైడ్‌కూ మధ్యకు మారింది. పట్టిక ప్రకారం ఆక్సిజన్ రావడానికి 1.23 వోల్టులు, క్లోరిన్ రావడానికి 1.36 వోల్టులు కావాలి, కాబట్టి ఆక్సిజనే గెలవాలి. కాని పట్టిక చెప్పేది ఏ చర్యకు కనీసం ఎంత వోల్టేజి కావాలన్నదే, ఆ చర్య ఎంత వేగంగా నడుస్తుందన్నది కాదు. ఆక్సిజన్ అణువు ఒకటి పుట్టాలంటే రెండు నీటి అణువులలోని బంధాలు తెగి, నాలుగు ఎలక్ట్రాన్లు అంచెలంచెలుగా పోయి, రెండు ఆక్సిజన్ పరమాణువులు జతకట్టాలి. క్లోరిన్‌కు రెండు క్లోరైడ్ అయాన్లు చెరొక ఎలక్ట్రాన్ వదులుకుంటే చాలు. ఆ నెమ్మదితనాన్ని దాటించడానికి ఆక్సిజన్‌కు పట్టిక విలువపైన గణనీయంగా అదనపు వోల్టేజి ఇవ్వాలి, ఈలోగా క్లోరిన్ ముందుకు వచ్చేస్తుంది. ఉప్పు గాఢంగా ఉంటే దాదాపు అంతా క్లోరినే. బాగా పలుచనైతే ఆక్సిజన్ పాలు పెరుగుతుంది. కాస్టిక్ సోడా కర్మాగారాలన్నీ నిలబడినది ఈ వేగాల తేడా మీదనే. అక్కడ గ్రాఫైటుకు బదులు రుథీనియం ఆక్సైడ్ పూసిన టైటానియం ఆనోడ్లు వాడతారు, క్లోరిన్ రెండోవైపు పుట్టే కాస్టిక్ సోడాతో కలవకుండా మధ్యలో ఒక పొర ఉంచుతారు. మీ గ్లాసులో ఆ పొర లేదు కాబట్టి రెండూ కలిసి కొంత హైపోక్లోరైట్, అంటే బ్లీచింగ్ ద్రవం, తయారై ఉంటుంది. మూసిన గదిలో ఈ ప్రయోగం మళ్ళీ చేయించకండి, క్లోరిన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

సోడియం విషయంలో కాథోడు దగ్గర కూడా అదే పోటీ. సోడియం అయాన్ ఎలక్ట్రాన్‌ను తీసుకోవడం కంటే నీరు తీసుకోవడం ఎంతో సులువు కాబట్టి హైడ్రోజన్ వస్తుంది. నీరు ఉన్నంతవరకు ఈ పద్ధతిలో సోడియం రాదు. అందుకనే హంఫ్రీ డేవీ 1807లో పొటాషియం, సోడియం లోహాలను వేరుచేసినప్పుడు ద్రావణాలను వదిలిపెట్టి, కాస్టిక్ పొటాష్‌ను, కాస్టిక్ సోడాను నీటిలో కలపకుండా ద్రవంగా మార్చి కరెంటు పంపాడు. అల్యూమినియం కథ కూడా ఇదే. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా అల్యూమినాను (అల్యూమినియం ఆక్సైడ్‌ను) కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో కలిపి విద్యుద్విశ్లేషణ చేశారు. అల్యూమినా ఒక్కటే కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి, క్రయోలైట్ వల్ల పని 1000 డిగ్రీల లోపలే జరుగుతుంది.

చివరిగా ఆక్సిజన్ తగ్గిన సంగతి. పుస్తకం తప్పు కాదు, మీ అబ్బాయి కొలత కూడా తప్పు కాకపోవచ్చు. ఆక్సిజన్ నీటిలో హైడ్రోజన్ కంటే ఎక్కువగా కరుగుతుంది, కాబట్టి మొదట పుట్టినదానిలో కొంత నాళికలోకి రాకుండా నీటిలోనే ఉండిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, పెన్సిల్ ములుకులోని కార్బన్‌ను ఆ ఆక్సిజన్ కొద్దికొద్దిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది, వాషింగ్ సోడా ద్రావణం దాన్ని పీల్చుకుంటుంది. ములుకు పెళుసుబారి నల్లని పొడి రాలడం మీరు గమనించే ఉంటారు. కొలత సరిగ్గా రావాలంటే ముందు నాళికలు పెట్టకుండా పదిహేను నిమిషాలు నడిపి ద్రావణాన్ని ఆక్సిజన్‌తో నిండనివ్వండి, ఆ తరువాత నాళికలను ద్రావణంతో నింపి బోర్లించండి. ఆనోడుకు పెన్సిల్ బదులు నికెల్ తీగ దొరికితే ఇంకా మేలు, సోడా ద్రావణంలో నికెల్ పెద్దగా కరగదు. స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాను మాత్రం ఆనోడుగా వాడనివ్వకండి, దానిలోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీటిలోకి దిగే అవకాశం ఉంది.